ప్రీస్ట్ చేతికి గొడ్డలి ఇచ్చిన మా ఓబులేసు

నిన్న మధ్యాహ్నం రాయదుర్గం నుంచి ఫోన్.

"అన్నా, ఓబులేసును పొడిచినారు. యూనిట్లోనే. బిరీన రా."

బస్సు సగం దారిలో ఉండగా మళ్లీ ఫోన్. ఈసారి అవతలి మనిషి ఏడుస్తున్నాడు.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

ఓబులేసు జీన్స్ యూనిట్లో కటింగ్ మాస్టర్. నాకు పాలిటెక్నిక్ నుంచి ఫ్రెండ్. ప్రతి ఆదివారం పొద్దున మేం నలుగురం ఎవరింట్లో వాళ్లం కూర్చుని ఆన్‌లైన్లో ఒకే గేమ్ ఆడేవాళ్లం. రాక్షసులు, కోటలు, యుద్ధాలు. నేను వారియర్. వాడు ఎప్పుడూ ప్రీస్ట్, అంటే మా గాయాలు మాన్పేవాడు.

ఆ గేమ్‌లో ఒక రూల్. ఏ క్లాస్ వాడు, అంటే ఏ రకం పాత్ర ఆడేవాడు, ఏ ఆయుధం పట్టాలో ముందే రాసి ఉంటుంది. వారియర్‌కు కత్తి, గొడ్డలి. ప్రీస్ట్‌కు కర్ర మాత్రమే.

ఒక ఆదివారం రాక్షసరాజు మా ముగ్గురినీ నరికేశాడు. నా తల తెగి కోట మెట్ల మీద దొర్లింది. మిగిలింది ఓబులేసు ఒక్కడే. నా గొడ్డలి వాడి కాళ్ల దగ్గరే పడి ఉంది. తీసుకోబోతే స్క్రీన్ మీద ఎర్రక్షరాలు.

మీ క్లాస్‌కు ఈ ఆయుధం అనుమతి లేదు.

మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే. కర్రతోనే కొడుతూ నిలబడ్డాడు. రాక్షసుడు ఒక చెయ్యి నరికాడు. తర్వాత తల.

మేం పడీపడీ నవ్వాం. వాడు నవ్వలేదు.

"నవ్వొద్దండప్పా. మా నాయనకు గూడా ఇట్లే చెప్పినారు."

ఊరి జాతరలో పొట్టేలును నరికే కత్తి దారికి అడ్డంగా ఉంటే వాళ్ల నాయన తీసి పక్కన పెట్టాడట. "నువ్వు పట్టేదేనారా అది?" అని నలుగురు కింద పడేసి, రాయితో వేళ్లు చితక్కొట్టారు. అప్పుడు ఓబులేసుకు ఆరేళ్లు. ఇన్నేళ్ల స్నేహంలో ఆ మాట చెప్పడం అదే మొదటిసారి.

"నా చేతులు బాగానే ఉండాయి గదా. గొడ్డలికేం తెలుస్తాది నాది ఏ క్లాసో?"

తర్వాత నెల రోజులు వీడియోలు చూసి నేర్చుకుని, గేమ్ ఫైళ్లు మార్చి ఆ రూలే తీసేశాడు. ఎవరైనా ఏదైనా పట్టుకోవచ్చు. ఫ్రీగా నెట్‌లో పెట్టాడు. గేమ్‌లో పోటీ బ్యాలెన్స్ పాడు చేశావని ఎవరెవరో తిట్టారు. పట్టించుకోలేదు.

ఆ తర్వాతి ఆదివారం మా ప్రీస్ట్ గొడ్డలి ఎత్తి రాక్షసరాజు పుర్రెను రెండుగా చీల్చాడు. "సచ్చినాడు నా కొడుకు!" అని వాడు అరిచిన అరుపుకు వాళ్లమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

నిన్న జరిగింది సుజాత చెప్పింది. ఆమె అదే యూనిట్లో టైలర్. రోజూ కొట్టే మొగుణ్ణి వదిలేసి ఆర్నెల్లయింది. భోజనాల వేళ ఆ మొగుడు వేటకొడవలితో లోపలికొచ్చాడు. మొదటి వేటు ఆమె భుజం మీద పడింది. రెండోది పడేలోపు ఓబులేసు అడ్డంగా దూకాడు. ముంజేయి ఎముక దాకా తెగింది. అయినా పెనుగులాడి కొడవలి లాక్కున్నాడు.

"అన్న చేతిలో కొడవలి ఉండాది. నా మొగుడు కింద పడినాడు. ఒక్క ఏటు ఏసింటే సాలు. ఎయ్యలా. కిటికీలోంచి అవతలికి ఇసిరేసినాడు. నన్ను లేపేకి వంగినాడు."

ఆ వంగిన వీపులో మొగుడు కటింగ్ టేబుల్ మీది కత్తెర దించాడు. మూడుసార్లు.

ఒరే, నీ మీద కోపంగా ఉంది నాకు. ఎందుకు వెయ్యలేదురా? పొద్దున్నుంచి ఇదే అడుగుతున్నాను. ఎవర్ని అడగాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

సుజాత ప్రాణానికి భయం లేదన్నారు. మొగుడు దొరికాడు. ఈరోజు మూడింటికి ఊళ్లో మట్టి చేస్తారు. రాగలిగినవాళ్లు రండి.

ఒరే, మీ నాయన మార్చురీ బయట కూర్చుని అందరితోనూ ఒకటే మాట.

"నా కొడుకు ఎవుర్నీ సంపలేదు గదప్పా?"

"లేదు నాయనా, సంపలేదు," అన్నాను. అప్పుడే నాకు ఏడుపొచ్చింది.

పోయిరా ఓబులేసూ. ఏ గాయమూ నొప్పి పెట్టని చోట కళ్లు మూసుకుని ప్రశాంతంగా పడుకో.