టిచ్ బటన్ బిగించింది నేనే

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను శ్రీకాకుళం నుంచి బదిలీ చేసి, ఇంకో యూనిట్‌లో బెల్ ఆఫ్ ఆర్మ్స్ ఇన్‌ఛార్జిగా వేశారు. పేరులో గంట ఉన్నా అది ఆయుధాలు దాచే గది. సాయుధ రిజర్వులో ప్రతి తుపాకీ అక్కడి నుంచే సంతకం మీద బయటికి వెళ్లి, సంతకం మీదే లోపలికి వస్తుంది. నేను రిజర్వ్ సబ్ ఇన్‌స్పెక్టర్‌ని. తుపాకీ విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించే ఆర్మరర్ పనిలోనే జుట్టు నెరిసింది. యూనిట్ పేరు ఇక్కడ రాయను. మనుషుల పేర్లు మార్చాను. నా తప్పును మాత్రం ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

చేరిన నెలకే ఒక పని వచ్చింది. భోగాపురం వైపు ఒక ఊళ్లో భూమి తగాదాలో మనిషిని నరికేశారు. అది కళ్లారా చూసిన ఒకే ఒక్క సాక్షి దేవదానం మాస్టారు. రిటైరైన బడిపంతులు, అక్కడి బాప్టిస్టు చర్చిలో పెద్ద. సాక్ష్యం చెబితే చంపుతామని ఇంటికే వచ్చి బెదిరించారు. ఆయనకు గన్‌మన్‌గా పైడిరాజు అనే కానిస్టేబుల్‌ని వేశారు. మామూలు బట్టల్లో ఉండాలి, తుపాకీ పైకి కనపడకూడదు. మాస్టారు ఎక్కడికి వెళ్లినా తన పాత స్కూటర్ మీదే వెళతారు. పైడిరాజు వెనక కూర్చోవాలి.

తేలికపాటి పిస్టళ్లన్నీ ఏజెన్సీ డ్యూటీలకు పోయాయి. మిగిలింది పొడుగు గొట్టం పాత రివాల్వర్. ఆరు తూటాలు నింపితే కిలో పైచిలుకు తూగుతుంది. దాన్ని నడుముకి కడితే స్కూటర్ మీద తుంటిలో పొడుస్తుంది, చొక్కా కింద ఎత్తుగా కనపడుతుంది. అందుకని షోల్డర్ హోల్‌స్టర్ ఇమ్మన్నారు. రెండు భుజాల మీదుగా తోలుపట్టీలు, వీపు మీద కలిసేచోట ఒక తోలుబిళ్ల, ఎడమ చంక కింద రివాల్వర్, దాని బరువుకు సాటిగా కుడి చంక కింద తూటాల సంచీ ఉంటాయి. బరువు రెండు వైపులా సరిపోకపోతే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది.

నా దగ్గర మూడు రకాలున్నాయి. నైలాన్‌ది తేలిక, కానీ నడుస్తుంటే గడియారం లోలకంలా ఊగుతుంది. రెండోది తోలుది, గొట్టం నేలవైపు ఉంటుంది. గట్టిగా పట్టుకుంటుంది కానీ కూర్చుంటే డొక్కలో గుచ్చుకుంటుంది. మూడోదాంట్లో గొట్టం వెనక్కి చూస్తూ అడ్డంగా ఉంటుంది. పట్టీలు వెడల్పు, వదులు చొక్కా కింద ఇట్టే దాగుతుంది, చెయ్యి పెడితే పిడి చేతికొస్తుంది. పైన ఒకే పట్టీ, దానికొక టిచ్ బటన్. పైడిరాజు మూడూ వేసుకుని చూశాడు. మూడోది వేసుకోగానే మొహం వెలిగింది.

"ఇది సుకంగా ఉన్నాది సార్. ఇదే ఇప్పించండి."

నేను అతన్ని నిలబెట్టి చూశాను, నడిపించి చూశాను, ఫైరింగ్ రేంజిలో పదిసార్లు తీయించి చూశాను. అన్నీ నిలబడే. వంగి చూడమనలేదు. పోలీసు బుర్ర అటెన్షన్‌లో నిలబడ్డ మనిషినే చూస్తుంది. సరిపోయిందని రిజిస్టర్‌లో సంతకం పెట్టి చేతులు దులుపుకున్నాను.

రెండో ఆదివారం చర్చిలో ప్రార్థనకు అందరూ మోకరించారట. వెనక నిలబడి ఉండొచ్చు కదా, పైడిరాజు మర్యాద తెలిసినవాడు. పైడితల్లి అమ్మవారి మొక్కు తప్పని మనిషి, అయినా పక్కనున్న మాస్టారితో పాటు మోకాళ్లేసి తల వంచాడు. పాత టిచ్ బటన్ ఊడి, రివాల్వర్ జారి, గచ్చు మీద ఠంగుమని పడింది. ఆడవాళ్లు పిల్లల్ని పట్టుకుని బయటికి పరిగెత్తారు. పేలకపోవడం మా అదృష్టం. ఫిర్యాదు నేరుగా పై ఆఫీసుకు పోయింది. నాకొక మెమో, పైడిరాజుకొక మెమో వచ్చాయి. మా రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ నన్ను పిలిచి, ఇంకోసారి అది నేల మీద పడితే నీ ఉద్యోగం కూడా పడుతుందని అన్నారు.

నాకు రోషం వచ్చింది. అంతకుమించి భయం వేసింది. పట్టీ మార్చి మందపాటి కొత్త తోలు వేశాను. బిగువుగా ఉండే పెద్ద టిచ్ బటన్ తెప్పించి, బిర్రుగా ఉండాలని అరంగుళం లోపలికి జరిపి మరీ కొట్టాను. హోల్‌స్టర్‌ని తలకిందులు చేసి దులిపినా రివాల్వర్ కదల్లేదు. బల్ల మీద పెట్టి బొటనవేలితో నొక్కితే బటన్ ఊడింది. అంతే నా పరీక్ష. ఫ్యాన్ కింద, పొడి చేత్తో, కుర్చీలో కూర్చుని చేశాను.

మా తీరం ఎండలు ఎలాంటివో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. గాలి నిండా తడే. చంక కింద తోలు మధ్యాహ్నానికి చెమటలో నానిపోతుంది. పైడిరాజు శుభ్రం గల మనిషి, రోజూ క్వార్టర్స్ డాబా మీద ఎండలో ఆరేసేవాడు. తడిసిన తోలును నీడలో ఆరబెట్టి నూనె రాయాలి. ఎండలో వేస్తే ముడుచుకుని బిగుస్తుంది. ఆ మాట నేనతనికి చెప్పలేదు.

మూడు వారాల తర్వాత డ్యూటీ మధ్యలో వీలు చూసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"సార్, బొత్తాం ఒక్క సేత్తో రాటం నేదు. రెండు సేతులూ ఎట్టాల్సొస్తంది. కూసింత ఒదులు సేసిద్దురూ."

నేను రిజిస్టర్ లోంచి తలెత్తలేదు. కొత్త చెప్పు కూడా మొదట కరుస్తుంది, వాడుతుంటే అదే సాగుతుంది పొమ్మన్నాను. అతను "సర్లెండి సార్. ఈపాలి మోకాళ్లేసినా పడదు" అని నవ్వి వెళ్లిపోయాడు. అదే అతన్ని చివరిసారి చూడడం.

వాయిదా రోజున ఇద్దరూ స్కూటర్ మీద విజయనగరం కోర్టుకు బయలుదేరారు. ముందు కొత్తవలసలో మాస్టారి తమ్ముణ్ణి కలవాలి. ఆ ఊరి బయట రైల్వే గేటు పడి ఉంది. ఎండ పెళపెళలాడుతోంది. లారీల వెనక ఆగారు. ముగ్గురు మనుషులు కత్తులతో వెనకనుంచి వచ్చారు. పైడిరాజు మాస్టారిని లారీ కిందికి తోసేసి ఎదురుగా నిలబడ్డాడు. గూడ్సు దాటి గేటు లేచేసరికి అంతా అయిపోయింది. మాస్టారికి భుజం తెగింది గానీ బతికారు. పైడిరాజు ఆసుపత్రికి చేరకముందే పోయాడు. రివాల్వర్ చంక కిందే ఉంది. ఆరు తూటాలూ అలాగే ఉన్నాయి.

విచారణకు వచ్చిన డీఎస్పీకి మాస్టారు చెప్పింది ఒక్కటే. "సెయ్యి సొక్కాలో ఎట్టాడు బాబూ. మరి తియ్యనేదు. ఏటయిందో నాకెరిక నేదు." ఆయన అబద్ధం చెప్పలేదు, లారీ కింద నుంచి కనపడినంతే చెప్పారు. కానీ ఆ మాట పట్టుకుని పోలీసు లైన్లలో గుసగుసలు మొదలయ్యాయి. కత్తులు చూసి బిగుసుకుపోయాడన్నారు. మర్నాటికి అది పిరికివాడు అన్న మాటగా మారింది.

రివాల్వర్ ల్యాబ్‌కి వెళ్లింది. హోల్‌స్టర్ మాత్రం గుడ్డలో కట్టి, సీలు వేసి, సాంకేతిక అభిప్రాయం కోసం నా బల్ల మీదికే వచ్చింది. బటన్ పనిచేస్తోందని ఒక్క ముక్క రాసి పంపెయ్యమన్నారు రిజర్వ్ ఇన్‌స్పెక్టర్. అది అబద్ధం కూడా కాదు. బల్ల మీద పెట్టి గట్టిగా నొక్కితే ఊడుతుంది. పైడిరాజు నాతో అన్న మాట ఇంకెవరూ వినలేదు. రెండు రోజులు కాగితం తెల్లగానే ఉంచాను.

మూడో రోజు పైడిరాజు భార్య గౌరి వచ్చింది. కానిస్టేబుల్ పోతే బెల్టు, బూట్లు, టోపీ వగైరా కిట్ తిరిగి అప్పజెప్పాలి. ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టింది. రసీదు రాస్తుంటే అడిగింది.

"మా ఆయన బయపడి తియ్యనేదంటన్నారు. తవరు తుపాకులోరు కదా, సెప్పండి బాబూ. బయపడ్డాడేటి?"

రిపోర్టు అయ్యాక చెబుతానని నీళ్లు నమిలి పంపేశాను.

ఆమె గేటు దాటాక తలుపు వేసుకుని, ఆ హోల్‌స్టర్ నేనే తొడుక్కున్నాను. అలాంటిదే ఇంకో రివాల్వర్ ఖాళీది తీసి పెట్టాను. చెయ్యి నీళ్లలో ముంచి లాగాను. రాలేదు. మళ్లీ లాగాను. వేలు జారిపోయింది. రెండో చెయ్యి వేస్తే గానీ ఊడలేదు. మూడు కత్తులు అడ్డుకుంటున్నవాడికి రెండో చెయ్యి ఎక్కడ ఖాళీ ఉంటుంది? అప్పుడు విప్పి కిటికీ దగ్గర చూశాను. బటన్ చుట్టూ తోలు మీద గోళ్ల గీతలున్నాయి, లోతుగా, ఒకదాని మీద ఒకటి. కొన్నిటిలో నెత్తురు ఎండిపోయి ఉంది. భయపడి నిలబడ్డవాడి గీతలు కావవి. నేను కుర్చీలో కూలబడి ఏడ్చాను. అప్పుడే కాగితం తీసి రాశాను.

పట్టీ బిగించింది నేనని, మనిషికి తొడిగి పరీక్షించలేదని, ఒక్క చేత్తో రావడం లేదని కానిస్టేబుల్ నోటిమాటగా చెప్పినా పట్టించుకోలేదని, తోలు మీది గోళ్ల గీతలను బట్టి అతను చివరిదాకా తీయడానికి ప్రయత్నించాడని రాసి సంతకం పెట్టాను. రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు. నాకు శిక్ష పడింది, రావాల్సిన ప్రమోషన్ రాలేదు, అదే ర్యాంకులో రిటైరయ్యాను. పైడిరాజు ఫైలులో నిర్లక్ష్యం, పిరికితనం అన్న మాటలు ఎక్కలేదు. మాస్టారు చేతికి కట్టుతోనే కోర్టుకు వెళ్లి సాక్ష్యం చెప్పారు.

గౌరికి ఇచ్చిన మాట ప్రకారం వాళ్ల క్వార్టర్‌కి వెళ్లి ఆ కాగితం చదివి వినిపించాను. ఆమె నన్ను తిట్టలేదు, ఏడవలేదు. చివరిదాకా విని ఒక్కటే అడిగింది.

"ఒదులు సెయ్యడానికి ఎంతసేపు పడతాది బాబూ?"

పది నిమిషాలు అని చెప్పాను.

ఆ తర్వాత సర్వీసు ఉన్నన్నాళ్లూ, వేసుకునే మనిషి కూర్చుని, వంగి, మోకరించి, తడిచేత్తో తీసి చూపిస్తే గానీ ఏ హోల్‌స్టర్ మీదా నేను సంతకం పెట్టలేదు. నోటితో చెప్పిన ఫిర్యాదును కూడా రిజిస్టర్‌లోకి ఎక్కించి, ఆ పూటే సరిచేశాను. రివాల్వర్ పడకుండా చూడడం ఎంత ముఖ్యమో, కావాల్సినప్పుడు అది చేతికి రావడం అంతకన్నా ముఖ్యం. రెండూ కుదిరాయో లేదో ఆర్మరర్‌కి తెలియదు. తొడుక్కున్నవాడికే తెలుస్తుంది. తుపాకీ చేతికి రావడం లేదని అతనన్నాడంటే, రావడం లేదనే అర్థం.