వేపచెట్టు కింద ఉరుకుంద బస్సు

ఆదోనిలో ఇంట్లో కూర్చుని రాసుకుంటూ బతుకుతున్నానంటే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. ఇల్లు అద్దెకు అడిగిన చోటల్లా "అది సరేప్పా, పనేం చేస్తావు?" అని మళ్ళీ అడిగేవాళ్ళు. బ్లాగు అంటే ఏమిటో, దాని పక్కన కనిపించే ప్రకటనల వల్ల నాకు డబ్బులెలా వస్తాయో చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి, చివరకు "కంప్యూటర్ పని" అనడం మొదలుపెట్టాను. దానికి మాత్రం అందరూ తలూపారు.

ఆస్పరి పక్క మెట్ట పొలాల గురించి, మా అమ్మ శనక్కాయలు పీకే కూలికి పోయిన రోజుల గురించి ఎంతో మనసుపెట్టి రాశాను. వాటిని చదివింది మా ఆవిడ, ఇంకో నలుగురు. ఇంటి అద్దె కట్టింది మాత్రం ఒకే ఒక్క పేజీ: ఆదోని నుంచి ఉరుకుంద ఈరన్న స్వామి గుడికి ఎలా వెళ్ళాలి, బస్సులు ఎక్కడ ఆగుతాయి, తలనీలాలు ఎక్కడ ఇవ్వాలి. శ్రావణమాసం వచ్చిందంటే జనం ఆ పేజీ కోసం ఎగబడేవాళ్ళు. అందులో ఒక వాక్యమంటే నాకు మహా ముద్దు. "బస్టాండు బయట వేపచెట్టు నీడలో నిలబడండి, బస్సు మీ కాళ్ళ దగ్గరికే వస్తుంది." రాసిన రోజు నాకు నేనే మురిసిపోయాను.

తర్వాత కాలం మారింది. ఇప్పుడు ఫోనును ఏదైనా అడిగితే జవాబు అదే చెప్పేస్తోంది. నా పేజీ తెరిచే అవసరం ఎవరికీ లేదు. తెరవకపోతే ప్రకటన లేదు, ప్రకటన లేకపోతే నాకు పైసా లేదు. ఆదాయం అలా ఎండిపోతుంటే కొత్తవి రాయబుద్ధి కాలేదు, పాతవి దిద్దబుద్ధీ కాలేదు. అలసిపోయాను, అంతే. మా ఆవిడ తిట్టలేదు. పత్తి మిల్లులో కాటా దగ్గర లారీల బరువు చీటీలు రాసే పని ఖాళీగా ఉందని మాత్రం చెప్పింది. ఈ శ్రావణంలో కూడా పేజీ లేవకపోతే చేరిపోతానని ఒప్పుకున్నాను.

లేవలేదు. మిల్లుకు వెళ్ళి, సోమవారం నుంచి వస్తానని చెప్పి తిరిగి వస్తున్నాను. బస్టాండు బయట ఒక అవ్వ, ఆమె కూతురు మూటలతో ఎండలో నిలబడి దిక్కులు చూస్తున్నారు.

"యాపచెట్టు యాడుందప్పా?" అని అవ్వ నన్నే అడిగింది.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ చెట్టు కొట్టేశారు. ఇప్పుడు బస్సులు పెట్రోలు బంకు అవతల ఆగుతున్నాయి.

"ఆ చెట్టు లేదవ్వా, కొట్టేసినారు. మీకు ఎవరు సెప్పినారు?"

"ఇదో, ఇది సెప్పింది," అని కూతురు ఫోను నొక్కింది. ఎవరో ఆడమనిషి గొంతు, ఎక్కడా తడబడకుండా పలికింది: బస్టాండు బయట వేపచెట్టు నీడలో నిలబడండి, బస్సు మీ కాళ్ళ దగ్గరికే వస్తుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అది నా వాక్యం. ఎవరు రాశారన్న మాట కూడా లేకుండా అది నా ముందే చదువుతోంది. అంతలోనే సిగ్గూ వేసింది. చెట్టు పోయిందని తెలిసీ దిద్దకుండా వదిలేసింది నేనే కదా. ఒక మూట భుజాన వేసుకుని వాళ్ళను బంకు అవతలకు తీసుకెళ్ళాను. దారి పొడవునా గుడి దగ్గర ఏది ఎక్కడుందో చెబుతూనే ఉన్నాను. అలవాటు పోదు.

"ఇంత ఇవరంగా సెప్తాండావే, బస్సోళ్ళు నీకు జీతమిస్తారా?" అంది అవ్వ.

"లేదవ్వా. పత్తి మిల్లులో ఇస్తారు."

"మంచి పని. ఇడ్సొద్దప్పా," అని బస్సెక్కింది.

ఇంటికొచ్చి బ్లాగు తెరిచి, వేపచెట్టు తీసేసి బంకు అని రాశాను. ఆ వాక్యం కొట్టేయడానికి చెయ్యి రాలేదు, అయినా కొట్టేశాను.

"దుడ్లు రావు కదా, ఇంకెందుకు?" అంది మా ఆవిడ.

"ముసలోళ్ళు ఎండలో నిలబడ్తాండారు," అన్నాను.

మిల్లులో చేరాక ఒక మధ్యాహ్నం, లారీలు లేని వేళ, ఉరుకుంద బస్సు ఎక్కడ ఆగుతుందని ఫోనును అడిగాను. పెట్రోలు బంకు అవతల అంది. నేను కొత్తగా రాసిన మాటలే, ఒక్కటి కూడా పోలేదు. వెంటనే నా పేజీ తెరిచి చూశాను. ఆ రోజు దాన్ని చూసినవాళ్ళు ఒక్కరే. అది నేనే.