నాయన దాచిన తూటాలు

పాత పౌడరు డబ్బా మూత తీయగానే ఇత్తడి, తుపాకీ నూనె కలిసిన వాసన. శనక్కాయ చేలకు కాపలా కాసిన ఇళ్లలో పెరిగినవాళ్లకు ఈ వాసన గుర్తుండే ఉంటుంది.

నల్లమాడ దగ్గర మా చేనిమీద అడవిపందులు పడేవి. నాయనకు లైసెన్సు తుపాకీ ఉండేది. అయినా పొద్దు గూకగానే గట్టుమీద నిలబడి పళ్లెం కొడుతూ గొంతు చించుకుని అరిచేవాడు.

"కాల్చు నాయనా" అంటే, "తూటాలు మళ్లా యాడ దొరుకుతాయిమ్మా? పెద్ద మంద వచ్చిననాటికి ఉండనీ" అనేవాడు. ఎండాకాలం అవ్వ మిరపకాయలు ఆరబోస్తుంటే, పక్కనే కూర్చుని ఒక్కో తూటా గుడ్డతో తుడిచి ఆ పౌడరు డబ్బాలో పెట్టేవాడు.

తమ్ముడు మొన్న కొత్త తుపాకీ కొన్నాడు. ఆ డబ్బా తీసుకుని ఇద్దరం హిందూపురంలో తుపాకులు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్లాం. ఆయన ఒక తూటా తిప్పి చూశాడు.

"ఇవి వేరే సైజువి అప్పా, మీ కొత్తదానికి సరిపోవు. మందు గూడా పాతబడిండాది. పాత తుపాకీలో గూడా పెట్టొద్దు. స్టేషన్లో ఇచ్చేయండి."

ఇచ్చేశాం. ఇచ్చేనాటికీ డబ్బా నిండుగానే ఉంది. పోయింది నాయన గొంతే. చివరి రెండేళ్లు నన్ను పిలవాలన్నా మంచంమీంచి పళ్లెం కొట్టేవాడు.