హన్మవ్వ రేకు బిళ్ల

బోధన్‌లో మా సేవా సంఘం గదికి ఎవరు వచ్చినా హన్మవ్వ ముందుగా చేతిలో ఒక రేకు బిళ్ల పెడుతుంది. దాని మీద నంబరు ఉంటుంది. ఆ నంబరు పిలిచేదాకా కలెక్టరు చుట్టమైనా సరే, బెంచీ మీద కూర్చోవలసిందే.

మాది జీతాలు లేని సంఘం. రోగులకు మంచాలు, చక్రాల కుర్చీలు, ఆక్సిజన్ మిషన్లు ఉచితంగా ఇస్తాం. అవసరం తీరగానే తిరిగి తేవాలి. తాళం, పుస్తకం హన్మవ్వ దగ్గర ఉంటాయి. నేను కమిటీ సభ్యుణ్ణి. అంటే సమావేశాల్లో చాయ్ తాగి తలూపేవాణ్ణి.

ఆ బిళ్లలు ఆమె భర్త ముత్తన్నవి. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఆయన చెరుకు బండ్లకు వరుస నంబర్లు ఇచ్చేవాడు. నూరెకరాల ఆసామిదైనా, అరెకరం రైతుదైనా బండి వచ్చిన వరుసలోనే కాటాకు పోవాలి. ఒకసారి హన్మవ్వ తమ్ముడే బండిని ముందుకు తోలబోతే వెనక్కి పంపాడు. తమ్ముడు రెండేళ్లు అక్క గడప తొక్కలేదు. ఆ సంగతి ఆమె ఇప్పటికీ గొప్పగానే చెప్పుకుంటుంది. ఫ్యాక్టరీ మూతపడింది, ముత్తన్న పోయాడు, బిళ్లల సంచి ఆమెకు మిగిలింది.

పోయిన చలికాలం మా అధ్యక్షుడు జగన్మోహనరావు గారి తల్లి పున్నమ్మ గారికి ఆయాసం వచ్చింది. కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా నుంచి ఎప్పుడో వచ్చిన కుటుంబం వాళ్లది. మాకున్న రెండు ఆక్సిజన్ మిషన్లలో ఒకటి వాళ్లింటికి వెళ్లింది. ఆమె నెలలో కోలుకున్నారు. మిషన్ మాత్రం నాలుగు నెలలైనా తిరిగి రాలేదు. రెండోది మోర్తాడ్‌లో ఒక మనిషి ఊపిరి నిలుపుతోంది. ఇంతలో రైస్ మిల్లు హమాలీ చిన్నయ్యకు ఇంట్లో ఆక్సిజన్ పెట్టాలని డాక్టరు రాశాడు. ఆయన కూతురు అఖిల ఇరవై ఆరో నంబరు బిళ్ల పట్టుకుని వారంలో నాలుగుసార్లు వచ్చి ఉత్త చేతులతో పోయింది.

హన్మవ్వ ఆ మాట కమిటీలో పెట్టింది. మేమంతా చాయ్ కప్పుల్లోకి చూశాం.

"అమ్మకి మళ్లీ ఆయాసం వస్తే ఎక్కడికి పరిగెత్తను? పదేళ్లుగా పైసా తీసుకోకుండా చేస్తున్నాను. నన్నే నిలదీస్తారా?" అన్నారు రావు గారు.

"జీతం తీసుకునేటోడు ఒక్క సేటుకు జవాబు చెప్తే అయిపాయె, సారు. మనం జీతం లేనోళ్లం. ఊరందరికీ చెప్పాలె" అంది హన్మవ్వ.

నిజం చెప్పాలంటే నాకు సిగ్గేసింది. అయినా చాయ్ తాగేసి ఇంటికి పోయాను.

మర్నాడు పొద్దున ఆమె అఖిలను ఆటో ఎక్కించుకుని నేరుగా ఆయన ఇంటికే పోయింది. తర్వాత సంగతి అఖిల చెప్పింది. మిషన్ పున్నమ్మ గారి గదిలో మూల ఉందట, దాని మీద పూల గుడ్డ, గుడ్డ మీద టీవీ రిమోటు. రావు గారు గుమ్మానికి అడ్డం నిలబడ్డా హన్మవ్వ పక్కనుంచి లోపలికి దూరింది. రిమోటు తీసి పెద్దావిడ చేతికిచ్చింది. దానితోపాటు ఇరవై ఏడో నంబరు బిళ్ల కూడా ఇచ్చింది.

"పెద్దమ్మా, చిన్నయ్య ఎనక వంతు నీదే."

పున్నమ్మ గారు బిళ్లను అటూ ఇటూ తిప్పి చూశారు. "మన చెరుకు బండికీ ఇదే ఇచ్చేవాళ్లు కదరా" అన్నారు కొడుకుతో. రావు గారు గుమ్మంలోంచి తప్పుకున్నారు.

వారం రోజులుగా గోడకానుకుని కూర్చునే తెల్లవార్చిన చిన్నయ్య ఆ మధ్యాహ్నం నడుం వాల్చి నిద్రపోయాడు.

సాయంత్రానికి కమిటీ వాట్సాప్ గ్రూపులో హన్మవ్వను తప్పించామని రావు గారు ప్రకటించారు. తాళం తెచ్చే పని నా నెత్తిన పెట్టారు. పిల్లి మెడలో గంట కట్టడానికి నేనే దొరికాను.

మర్నాడు నేను వెళ్లేసరికి గది ఎప్పటిలాగే తెరిచి ఉంది. నోరు తెరిచేలోపే నా చేతిలో ముప్పయ్యో నంబరు బిళ్ల పడింది. కూర్చున్నాను. ముందున్నవాళ్ల పని అయ్యాక నన్ను పిలిచింది. వచ్చిన పని చెప్పాను.

ఆమె తాళంచెవిని కొంగున ముడి వేసుకుంది. "జీతం లేనిదాన్ని సారు. నన్నెట్ల తీసేస్తరు?" అని తర్వాతి నంబరు పిలిచింది.

బిళ్ల తిరిగిచ్చి బయటికొచ్చాను. మెట్ల మీదే నిలబడి గ్రూపులో రాశాను: తాళం ఉండవలసిన చోటే ఉంది. పదేళ్లలో కమిటీకి నేను ఎదురు చెప్పడం అదే మొదలు.