చెక్కుచెదరని ముఖం

న్యూజెర్సీ తెలుగువాళ్ళలో బాక్సింగ్‌ను వృత్తిగా పెట్టుకుని రింగులోకి దిగినవాడు, ఐసెలిన్‌లో అందరికీ తెలిసినంతవరకు, ఫణికుమారే మొదటివాడు. తొమ్మిదేళ్ళప్పుడు అమ్మానాన్నలతో ఆ ఊరు వచ్చాడు. చదువు అంతంతమాత్రం. పగలు బావగారి కిరాణా కొట్లో బియ్యం బస్తాలు దించేవాడు, సాయంత్రాలు జెర్సీ సిటీలో రే అనే ముసలి కోచ్ దగ్గర సాధన చేసేవాడు. 2001లో ప్రొఫెషనల్ అయ్యాడు. మొదట్లో "మనకెందుకీ గుద్దులాట" అని మూతి విరిచినవాళ్ళే, అతను వరసగా గెలుస్తూ ఉండేసరికి ఆకాశానికెత్తేశారు. ఉగాది సభలో శాలువా కప్పారు. ఆ శాలువాను ఇస్త్రీ చేయించి మరీ దాచుకున్నాడు మహానుభావుడు. పొగడ్తలంటే అతనికి అంత ఆకలి. ఆ ఆకలే కొంప ముంచింది.

2004 వేసవిలో ఒక తెలుగు సినిమా యూనిట్ జెర్సీ సిటీలో షూటింగ్ పెట్టుకుంది. విలన్ పక్కన నిలబడే వస్తాదు వేషానికి ఫణిని తీసుకున్నారు. హీరోవైపు గుడ్లురిమి చూడాలి, అదీ క్లోజప్పులో. సగం సీను నది ఒడ్డున తీశారు. మిగతా సగం హీరోగారు ఇండియా వెళ్ళి తిరిగొచ్చాక తీస్తామన్నారు. అసిస్టెంట్ డైరెక్టర్ అవినాష్ వెళ్తూ వెళ్తూ ఒక మాట చెవిన వేశాడు.

"అన్నా, సెకండ్ షెడ్యూల్ దాకా ఫేస్ జాగ్రత్త. చిన్న గాటు పడ్డా ముందు తీసినదానితో కలవదు, కంటిన్యుటీ పోతది. నిన్ను తీసేసి వేరేవాళ్ళను పెట్టేస్తరు."

సరిగ్గా ఆ మధ్యలోనే హెక్టర్ అనే కుర్రవాడితో పోటీ ఉంది. ఫణి దాన్ని మానుకోవాల్సింది. కానీ ఐసెలిన్ జనం అప్పటికే టికెట్లు కొనేశారు. భార్య భానుశ్రీ ఆఫీసులో అందరికీ చెప్పుకుంది. అతనికి సినిమా కావాలి, చప్పట్లూ కావాలి. రెండింట్లో ఏదీ వదులుకోలేక రింగులోకి దిగాడు.

ముఖం కాపాడుకుంటూ బాక్సింగ్ చేయడం కుదరదని దిగాక గానీ తెలిసిరాలేదు. మూడో రౌండులో హెక్టర్ ఎడమచేతి పంచ్ ఒకటి ఫణి గ్లవ్‌కు తగిలి, జారి, దవడను రాసుకుంటూ పోయింది. దోమ కుట్టినంత నొప్పి కూడా లేదు. ఫణి పడిపోయాడు. రెఫరీ అంకెలు లెక్కపెడుతున్నంతసేపూ కళ్ళు మూసుకునే ఉన్నాడు. లేవగలడు. లేస్తే మళ్ళీ దెబ్బలు, ఏ కనుబొమో చిట్లుతుంది, వేషం పోతుంది. "లే ఫణీ, లే" అని భానుశ్రీ గొంతు వినిపిస్తూనే ఉంది. లేవలేదు.

డ్రెస్సింగ్ రూములో రే చిన్న టార్చి తీసి అతని కళ్ళలోకి వేసి చూశాడు. ఒకటికి రెండుసార్లు చూశాడు. నిజంగా దెబ్బ తిన్నవాడి కళ్ళు ఎలా ఉంటాయో ఆయనకు తెలుసు.

"నీ కళ్ళకేం కాలేదు," అన్నాడు ఇంగ్లీషులో.

అంతే. చేతి కట్లు కత్తిరించి, సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. నాలుగు తిట్టి ఉంటే ఫణికి కాస్త ఊపిరాడేది. మళ్ళీ ఆ జిమ్ము గడప తొక్కడానికి అతనికి ముఖం చెల్లలేదు.

బయట, పోటీ చూడ్డానికి ఐసెలిన్ నుంచి వచ్చిన ధర్మారావు అంకుల్ భుజం తట్టి, "దిష్టి తగిలిందయ్యా, ఇంటికెళ్ళి ఉప్పు తీయించుకో," అన్నాడు. ఇంట్లో భానుశ్రీ ఐసుముక్కలు గుడ్డలో చుట్టి, ఏమీ కాని దవడకు ఆనించి కూర్చుంది. ఫణి సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా నిజం చెప్పలేదు.

మిగతా సగం సీనూ తీశారు, మరుసటేడు సినిమా వచ్చింది. హాలంతా మనవాళ్ళే. క్లోజప్పులన్నీ ఎడిటింగులో లేచిపోయాయి. తెరమీద కనిపించింది ఫణి వీపు ఒక్కటే. ఆ వీపును చూసి కూడా భానుశ్రీ ఈల వేసింది. పక్క సీట్లో ఫణి తల వంచుకుని తన చేతులు తాను చూసుకుంటున్నాడు.

ఆ తర్వాత బాక్సింగూ లేదు, సినిమాలూ లేవు. బావగారి కిరాణా కొట్టే అతని లోకమైంది. జనం మరిచిపోయారు.

2014లో ఒక ఉదయం కూరగాయల లారీతో కొత్త మనిషి వచ్చాడు. టమాటా పెట్టె ఎత్తబోతే చేతులు వణికాయి. ఫణి సాయం పట్టబోయి ముఖం చూశాడు. హెక్టర్. అతనూ గుర్తుపట్టి, గట్టిగా కావలించుకున్నాడు. కౌంటర్ దగ్గరున్న భానుశ్రీని ఫణి తన భార్యగా పరిచయం చేస్తే, ఆమెతో ఇంగ్లీషులో, మాట ముద్దగా వస్తుంటే ఆగి ఆగి చెప్పాడు.

"మీ ఆయన్ని నాకౌట్ చేశాకే మేడమ్, నేను బాక్సర్నని నాకు నమ్మకం కుదిరింది. ప్లంబింగ్ పని మానేసి బాక్సింగే పట్టుకున్నాను. పెద్దపెద్దవాళ్ళతో ఆడాను. తల నిండా దెబ్బలు తిన్నాను. డాక్టర్లు ఇక చాలన్నారు." నవ్వాడు. "ఇప్పటికీ మనసు బాగోకపోతే ఆ రోజే తలుచుకుంటాను."

ఫణి టమాటా పెట్టె తానే ఎత్తి కౌంటర్ పక్కన పెట్టాడు. నిజం చెప్తే ఇతనికి మిగిలిన ఆ ఒక్క రోజూ పోతుంది. చెప్పకపోతే తను మనిషే కాదు.

"బాగా తగిలిందా ఆ రోజు?" హెక్టర్ ఆశగా అడిగాడు.

"తగిలింది."

"ఎక్కడ?"

ఫణి కుడి దవడ చూపించాడు. హెక్టర్ వణికే చేయి చాచి, ఆ దవడను మెల్లగా తడిమాడు.

"సారీ బ్రదర్," అన్నాడు.