ఇంకొక్కటి పడుతుందిలే

మా పెదనాన్న పిల్లికి బిచ్చం పెట్టని మనిషి. ఫోటో స్టూడియో నడిపినన్నాళ్లూ దారప్పోగు కూడా పారేసి ఎరగడు. స్టూడియో అంటే ఏముంది, వీధివైపు ఒక గది, అందులో కుర్చీ, కుర్చీ వెనక తెర. తెర వెనకాల కిటికీలు మూసేసిన చీకటి గదిలో ఎర్ర బల్బు, ట్రేలు, ఒక చెక్క స్టూలు. ఆ స్టూలు ఆయన కూతురిది. చీకట్లో చప్పుడు కాకుండా తిరుగుతుందని దాన్ని అందరం చిట్టెలుక అనేవాళ్లం. నాకంటే చిన్నది.

ఫోటో కాగితం మీద ఒక పూత ఉంటుంది. వెలుగు తగిలినచోట అది మందునీళ్లలో నల్లబడి బొమ్మవుతుంది. తగలనిచోట అలాగే ఉండిపోతుంది. ఆ మిగిలిన పూతని కరిగించి తీసెయ్యకపోతే ఎప్పటికైనా మచ్చ తేలుతుంది. మామూలు నీళ్లకి అది లొంగదు, హైపో కలిపిన నీళ్లు కావాలి. హైపో గాజు పలుకుల్లాంటి ఉప్పు. గిన్నెలో పోసి కలుపుతుంటే కరిగేకొద్దీ నీళ్లలో వేడిని లాగేసుకుంటుంది, గిన్నె చల్లబడిపోతుంది. కలపడం చిట్టెలుక పని.

"నాన్నా, గిన్నెకి చలేస్తోంది" అని తన తువ్వాలు తెచ్చి చుట్టేది.

"చుట్టు తల్లీ, లేకపోతే దానికి జలుబు చేస్తుంది" అనేవాడాయన.

ఆ నీళ్లకీ ఒక హద్దుంది. కరిగించుకోగలిగినంత కరిగించుకున్నాక ఇక తీసుకోవు. చూడ్డానికి మాత్రం తేటగానే ఉంటాయి. ఎప్పుడు పారబొయ్యాలో పెదనాన్నకి బాగా తెలుసు. తెలిసీ మనసొప్పక, "ఇంకొక్కటి పడుతుందిలే" అనేవాడు. ఆ మాటే ఆయన కొంప ముంచింది. ఒకరోజు పెళ్లివాళ్ల ఫోటోలన్నీ కడిగాడు. ఇంట్లోవాళ్ల పని ఎప్పుడూ చివరికేగా! చిట్టెలుక స్టూలెక్కి కూచుని, పళ్లూడిన నోటితో నవ్విన ఫోటో ఒకటుంది. ముందు దాని నెగటివూ, తర్వాత ఆ ఫోటో, రెండూ ఆ వాడేసిన నీళ్లలోనే మునిగాయి.

ఆ ఏడే జ్వరమొచ్చి చిట్టెలుక పోయింది. ఊళ్లోని పిల్లలందరికీ ఫోటోలు తీసిన మనిషి దగ్గర సొంత పిల్లది మిగిలింది ఆ ఒక్కటే. తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది, ఆ వెంటనే ఏడుపొస్తుంది.

ఏళ్లు గడిచాయి. నెగటివ్ ఎప్పుడో పాడైంది. గోడ మీది ఫోటోకి కింది అంచున గోధుమరంగు మచ్చ మొదలైంది. పెద్దమ్మ తేమ అనుకుని ఫ్రేముని ఈ గోడ నుంచి ఆ గోడకి మారుస్తూ వచ్చింది. మచ్చ గౌను దాటి, మెడ మీదుగా నవ్వు మీదికి ఎక్కింది. నేను ఫోన్‌తో దగ్గరగా ఫోటో తీసి, పెద్దది చేసి పెదనాన్నకి చూపించాను.

"మచ్చ బాగా వచ్చిందమ్మా" అన్నాడు. తర్వాత పెద్దమ్మ వైపు తిరిగాడు. "అది తేమ కాదే. ఆ రోజు నీళ్ల పనైపోయిందని నాకు తెలుసు. ఇంకొక్కటి పడుతుందిలే అనుకున్నాను."

పెద్దమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఇప్పుడేమన్నా చెయ్యగలరా?" అంది.

"వచ్చిన మచ్చ పోదు. కాగితంలో మిగిలినదాన్ని కొత్త హైపోలో కరిగిస్తే అక్కడితో ఆగచ్చు. పాత కాగితం కదా, తడిస్తే బొమ్మే ఊడొచ్చేస్తుందేమో."

"ఊరుకుంటే?"

"కళ్లు కూడా పోతాయి."

"అయితే పదండి."

చిట్టెలుక పోయాక పెద్దమ్మ ఆ చీకటి గదిలో అడుగుపెట్టడం అదే మొదలు. పెదనాన్న డబ్బాలో మిగిలిన హైపో పోసి కలిపాడు. నీళ్లు మరీ చల్లగా ఉంటే సరిగ్గా పనిచెయ్యవు, మామూలు వేడికి వచ్చేదాకా ఆగాలి. పెద్దమ్మ గిన్నె మీద చెయ్యి వేసి చూసింది. లోపలికెళ్లి ఒక చిన్న తువ్వాలు తెచ్చింది. రంగు వెలిసిపోయిన ఆ తువ్వాలు ఇంకా ఉందని మాకెవరికీ తెలీదు. దాన్ని గిన్నె చుట్టూ చుట్టింది.

"చలేస్తోంది కదండీ దీనికి" అంది.

పెదనాన్న గోడవైపు తిరిగి ఏడ్చాడు. పిల్ల పోయిన రోజు కూడా ఆయన అలా ఏడవలేదు.

ఫోటోని ట్రేలో వేసి మెల్లగా ఊపుతుంటే ఒక మూల పొర లేచింది. పొర అక్కడితో ఆగింది. మచ్చ కూడా అక్కడితోనే ఆగిపోయిందని ఇప్పుడు చెప్పగలను. నవ్వు తిరిగి రాలేదు, కళ్లు మాత్రం మిగిలాయి. ఆ రోజు మాకు ఇదేమీ తెలీదు.

ఫోటోని మంచినీళ్లలో బాగా కడిగి ఆరేశాక పెదనాన్న హైపో ట్రే ఎత్తి తూములో వంపబోయాడు.

"అదేంటండీ, ఒక్క ఫోటోకేగా వాడింది. ఉంచితే పనికొస్తాయి" అంది పెద్దమ్మ, ఆయన దగ్గర నేర్చిన అలవాటు కొద్దీ.

"వద్దే. ఇవి చిట్టెలుకవి" అన్నాడు. "ఇంకొక్కటి కూడా పట్టదు."

వంపేశాడు.