సారు అడగమన్న ప్రశ్నలు

తొమ్మిదో తరగతిలో మా సోషల్ సారుకు పిల్లల మీద బొత్తిగా నమ్మకం లేదు. చరిత్ర ప్రాజెక్టు ఇస్తే ముందురోజు ఫోన్లో దొరికినదంతా ఎక్కించుకుని వస్తామని ఆయన అనుమానం. అనుమానం నిజమే కాబట్టి మేమెవరమూ నొచ్చుకోలేదు. ఆ ఏడు మాత్రం ఆయన పనిని ముక్కలు చేశారు. ముందు విషయం చెప్పాలి, తరువాత ప్రశ్నలు రాసి చూపించాలి, ఆపైన మనుషుల్ని అడిగి రావాలి, చిత్తుప్రతి రాసి దిద్దించుకోవాలి, చివరికి మంచి ప్రతి. ఒక దాని మీద ఆయన సంతకం పడనిదే రెండోది మొదలుపెట్టనివ్వరు. క్లాసంతా తిట్టుకుంది. నేను మాత్రం లోలోపల పండగ చేసుకున్నాను.

సగం మంది ఆదోని కోట గురించి రాస్తామన్నారు. నేను ఎమ్మిగనూరులో మా ఇంటి మగ్గాల చరిత్ర రాస్తానన్నాను. సారు బాగుందన్నారు. నిజానికి నాకు చరిత్ర అక్కర్లేదు. మా అవ్వ కావాలి.

మా నాయన, పెదనాయన ఎమ్మిగనూరులో ఒకే ఇంట్లో పక్కపక్క మగ్గాల మీద చీరలు నేసేవాళ్లు. నేను ఐదో తరగతిలో ఉండగా నాయన నేత మానుకుని ఆదోనిలో ఒక సాయిబు గారి బట్టల కొట్లో పనికి కుదిరాడు. మేం సామాను సర్దుకుంటుంటే పెదనాయన కోపం పట్టలేక, మగ్గం వదిలినవాడికి ఈ ఇంట్లో ఏం పని అన్నాడు. అన్నవాడు మర్నాటికే మరిచిపోయి ఉంటాడు. పడ్డవాడు మరవలేదు. నాయన మళ్లీ ఆ గడప తొక్కలేదు, మమ్మల్నీ పోనివ్వలేదు. నాయనను కన్న మా అవ్వ అక్కడే ఉండిపోయింది, ఆమెకు ఫోను లేదు. ఆ ఇంట్లో ఉన్నది పెదనాయన ఫోను, దానికి నాయన చెయ్యడు. బస్సెక్కితే గంటలో దిగే ఊరు అది. ఆ గంట దాటలేక నాలుగేళ్లు గడిపాం.

ఆదోనిలో నాకేం లోటు లేదు. కానీ పొద్దున్నే మగ్గం చప్పుడు లేకుండా మెలకువ వస్తే ఇంకా నిద్రలోనే ఉన్నట్టు అనిపించేది. మగ్గానికెక్కించే పడుగు నూలుకు పట్టించే గంజి వాసన, అవ్వ కొంగుకున్న వక్కపొడి వాసన తలుచుకుని ఏడ్చిన రోజులున్నాయి. అమ్మ చూసీ చూడనట్టు ఊరుకునేది. ఆమెకూ ఆ ఇల్లు కావాలనే ఉండేదేమో, నేనెప్పుడూ అడగలేదు.

బడి పని అంటే నాయన కాదనలేడు. తాను ఏడో తరగతితో ఆగిపోయినవాడు. సారు ఇచ్చిన కాగితం తిప్పి తిప్పి చూసి, సరే, పొద్దున బస్సుకు పోయి సాయంత్రానికి వచ్చెయ్ అన్నాడు. ఆ ఆదివారం అవ్వ నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. పట్టాక వదల్లేదు. పెదనాయన మగ్గం మీంచి లేవకుండానే, బాగా పొడుగైనావే అన్నాడు, అంతే.

నేను సారుకు తగ్గ శిష్యురాలిని కాను. ప్రశ్నలు మూడు రాసుకుని వెళ్లి ఒకటే అడిగి వచ్చేదాన్ని. మిగతావి వచ్చే వారానికి దాచుకునేదాన్ని. ఆదోని కోట వాళ్లు మంచి ప్రతులు కుట్టించుకుంటుంటే నేనింకా మనుషుల్ని అడుగుతూనే ఉన్నాను. సారు విసుక్కుని, మీది మగ్గాల ఇల్లా, మిల్లా అన్నారు.

ఆదివారం సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి నాయన కొట్టు నుంచి వచ్చి ఉండేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. అమ్మతో మాట్లాడుతున్నట్టు, ఆడ వానలెట్లుండాయో ఏమో అనేవాడు. నేను వానల గురించి చెప్పి, అవ్వ ఏం వండిందో, ఏమన్నదో కూడా చెప్పేదాన్ని. ఆయన విననట్టే చొక్కా మడతపెట్టుకునేవాడు. ఆ చొక్కాకు మడతలు ఎంతకీ కుదిరేవి కావు.

చిత్తుప్రతిలో, నాయన ఊరు వదలడంతో ఆయన మగ్గం ఆగిపోయింది అని రాశాను. అవ్వకు చదివి వినిపిస్తుంటే అక్కడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగిపోయిందని ఎవురు సెప్పినారు? లేసి చూడు పో."

లేచి చూశాను. పడుగు అయిపోయి చివరి చీర కోసేటప్పుడు నేతవాళ్లు పోగులు దూర్చే దువ్వెనలాంటి అచ్చులో జానెడు దారాలు వదిలేస్తారు. కొత్త పడుగు వచ్చినప్పుడు ఒక్కో పోగునూ ఆ పాత కొసకు మెలిపెట్టి అతుకుతారు. నేత మానుకున్న ఇంట్లో అయితే ఆ కొసలు కోసేసి అచ్చు అటకెక్కిస్తారు. నేత ఇంట్లో పుట్టి కూడా నాకది తట్టలేదు. నాయన మగ్గం మీద దుమ్ము లేదు. కొసలు విడిపోకుండా గుత్తులు గుత్తులుగా ముడేసి ఉన్నాయి. ముడులు ఎవరు వేశారని అడిగితే అవ్వ పెదనాయన వైపు చూసింది. ఆయన వినపడనట్టు నేస్తూనే ఉన్నాడు.

ఆ వాక్యం కొట్టేసి, ఉన్నది ఉన్నట్టు రాశాను. ఇంటికొచ్చి పైకే చదివాను. నాయన చేతిలో పళ్లెం కింద పెట్టాడు.

"మీ పెదనాయన కోయలేదా?"

కోయలేదన్నాను. మిగిలిన అన్నం తినకుండానే లేచాడు.

మంచి ప్రతి పూర్తయిన రోజు నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇక ఏ పేరు చెప్పి పోవాలి? అట్ట వేసి నాయనకు చూపించాను. మొదటి నుంచి చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పి, మీ సారు ఇంకేం అడగమనలేదా అన్నాడు. నేను ఆయన ముఖం చూసి, అడగమన్నాడు అన్నాను. ఏం అడగమన్నాడు అంటే, నువ్వే చెప్పు అన్నాను. ఆయన ప్రతి మూసి నా చేతికిచ్చాడు.

"మోకాళ్ల నొప్పులు ఎట్లుండాయో అడుగు."

అడిగాను. అవ్వ నవ్వలేదు. ఇది కూడా మీ సారే అడగమన్నాడా అంది. సారే అన్నాను.

"అట్లయితే మీ సారునే వచ్చి చూసుకొమ్మను."

ఆ మాటను ఉన్నదున్నట్టు మోసుకొచ్చాను. నాయన గోడ వైపు తిరిగి, సారుకు యాడ తీరికుంటాది అన్నాడు. కానీ పై ఆదివారం నేను బయల్దేరేసరికి కొట్టుకు సెలవు పెట్టి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. బస్సులో దారి పొడుగునా పత్తిచేలు చూస్తూ కూర్చున్నాడు. ఎమ్మిగనూరు బస్టాండులో దిగాక ఒక స్తంభం పక్కన ఆగిపోయాడు. నువ్వు పోయి రా, నేనీడ ఉంటాను అన్నాడు.

పరుగున పోయి అవ్వతో చెప్పాను. పెదనాయన మగ్గం ఆపాడు. వీధిలోకి పోయి ఆటో పిలుచుకొచ్చి అవ్వను ఎక్కించాడు. తాను రాలేదు. అవ్వ ఆటోలో రెండుసార్లు కొంగు సర్దుకుంది.

మేం వెళ్లేసరికి నాయన లేడు. ఆదోని బస్సు అప్పుడే కదిలిందని టీ కొట్టాయన చెప్పాడు. నాకు నాయన మీద పట్టరాని కోపం వచ్చింది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అవ్వకు మాత్రం రాలేదు. యాడ నిలబడినాడో చూపించమంది. స్తంభం పక్కన చోటు చూపించాను. నా భుజం పట్టుకుని మెల్లగా అక్కడికి నడిచి, సరిగ్గా ఆ చోటనే నిలబడింది.

"పోనీలే," అంది. "ఈడిదాకా వచ్చినాడు కదా."